తట్టకుండా తెరుచుకున్న ఊపిరితిత్తి: 27 వారాల బిడ్డ కేసు

నేను ఎన్‌ఐసీయూలో, అంటే పసికందుల ఇంటెన్సివ్ కేర్‌లో, పనిచేసే ఫిజియోథెరపిస్టుని. ఈ కేసు రాయడానికి బిడ్డ తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. ఊరు, ఆసుపత్రి, తేదీలు, గుర్తుపట్టగలిగే వివరాలు తీసేశాను. రోజుల లెక్క మాత్రం జరిగినట్టే ఉంచాను, ఎందుకంటే ఏ రోజు ఏం తెలిసిందన్నదే ఇందులో అసలు సంగతి. నేను చేసిన పొరపాట్లు కూడా ఉన్నాయి. అవి తీసేస్తే రాయడానికి పెద్దగా ఏమీ మిగలదు.

నేపథ్యం

మగబిడ్డ. తల్లికి రెండో కాన్పు. ఏడో నెలలో బీపీ బాగా పెరిగి, మందులకు లొంగకపోవడంతో 27 వారాలకే ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఊపిరితిత్తులు ఎదగడానికి తల్లికి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఒక్క డోసే పడింది, రెండోదానికి టైం దొరకలేదు. బరువు 920 గ్రాములు. పుట్టగానే శ్వాసనాళంలోకి ట్యూబ్ వేసి వెంటిలేటర్ మీద పెట్టారు, ఊపిరితిత్తులు మూసుకుపోకుండా సర్ఫాక్టెంట్ ఇచ్చారు, ఊపిరి ఆగిపోకుండా కెఫీన్ మొదలుపెట్టారు.

ఐదో రోజు ట్యూబ్ తీసి సీప్యాప్ మీదకు, అంటే ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి అందించే యంత్రం మీదకు మార్చారు. రెండు రోజులు బాగానే గడిచాయి. ఏడో రోజు రాత్రి ఊపిరి ఆగిపోవడం ఎక్కువైంది. తెల్లవారుజామున రెండు గంటలకు మళ్ళీ ట్యూబ్ వేయాల్సి వచ్చింది. సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) పడిపోతుండగా హడావుడిగా వేసిన ట్యూబ్ అది. పెదవి దగ్గర 7.5 సెంటీమీటర్ల గుర్తు మీద ప్లాస్టర్ అంటించారు. ఈ అంకె దగ్గరికి మళ్ళీ వస్తాను.

నన్ను పిలిచిన కారణం

తొమ్మిదో రోజు ఉదయం ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పై లోబ్ (పై భాగం) తెల్లగా మూసుకుపోయి కనిపించింది. మేం వార్డులో కొలాప్స్ అంటాం. అంతకుముందు రోజు 30 శాతం ఆక్సిజన్‌తో నడిచిన బిడ్డకు ఇప్పుడు 50 శాతం కావాల్సి వస్తోంది. అప్పటికే రెండు గంటలకోసారి గడియారం చూసి సక్షన్ (సన్నని గొట్టంతో కఫం పీల్చడం) చేస్తున్నారు, ప్రతిసారీ ట్యూబులో కొంచెం సెలైన్ వేసి మరీ.

నన్ను పిలుస్తూ రాసిన రిఫరల్ కాగితం మీద ఒకే లైను: కుడి పై లోబ్ కొలాప్స్, చెస్ట్ ఫిజియో చేయగలరు.

బయట కారిడార్‌లో బిడ్డ నాయనమ్మ నన్ను ఆపింది. "బిడ్డ గుండెల్లో తెమడ పట్టిందంట కదమ్మా. నువ్వేనంట కదా కొట్టి తీసేది?" ఆమె మాటకీ ఆ రిఫరల్ కాగితానికీ తేడా ఏమీ లేదని అప్పుడు నాకు తట్టలేదు. లోబ్ మూసుకుంది కాబట్టి కఫం అడ్డం పడింది, కఫం ఉంది కాబట్టి కదిలించాలి. ఇద్దరిదీ అదే లెక్క. ఆ రోజు నాదీ అదే.

మొదటి సెషన్

చెస్ట్ ఫిజియో అంటే ఛాతీలోని కఫాన్ని కదిలించే పద్ధతులు. కప్పు చేసిన అరచేతితో తట్టడం, తల కిందకి వంచి పడుకోబెట్టి కఫం జారేలా చేయడం చదువుకునే రోజుల్లో పెద్దవాళ్ళ మీద నేర్చుకున్నాం. నెలలు నిండని బిడ్డ తల కిందకి పెట్టకూడదని నాకు తెలుసు: తలలో ఒత్తిడి పెరుగుతుంది, కడుపులో పాలు పైకి వస్తాయి. తట్టడం కూడా వద్దనుకున్నాను. చిన్న పిల్లల మాస్కు రంధ్రం మూసి దానితో తట్టే పద్ధతి కొన్ని చోట్ల ఇంకా ఉంది. 920 గ్రాముల బిడ్డ పక్కటెముకలు ఎలా ఉంటాయో ఎక్స్‌రేలో చూసినవాళ్ళకి ఆ పని చేయబుద్ధి కాదు. ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్ వెనుక భాగానికి దూది చుట్టి ఇచ్చే సన్నని వైబ్రేషన్ ఎంచుకున్నాను. అదే మెత్తని పద్ధతి అని నమ్మకం.

పుస్తకం ప్రకారమే కుడి పక్క పైకి వచ్చేలా, అంటే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాను. వీపు వెనుక, తల వెనుక గుడ్డ చుట్టలు పెట్టి గూడులా సర్దాను. బ్రష్ ఆన్ చేశాను.

నాలుగు నిమిషాలు కూడా పూర్తి కాలేదు. సాచురేషన్ 91 నుంచి 68కి పడింది. గుండె వేగం 84కి వచ్చింది. డ్యూటీ డాక్టర్ వచ్చి చేత్తో బ్యాగ్ కొట్టి నిలబెట్టాల్సి వచ్చింది. సక్షన్ చేస్తే వచ్చింది రెండు చుక్కల నీళ్ళలాంటి ద్రవం, అంతే.

ఆ సాయంత్రం ఫైలు నింపుతూ వెనక్కి తిప్పితే ఏడో రోజు తల స్కాన్ రిపోర్టు కనిపించింది. ఎడమ వైపు మెదడులో గ్రేడ్ 2 (నాలుగు గ్రేడుల్లో రెండోది) రక్తస్రావం. అదే రోజు ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టించే కణాలు) 70 వేలు, ఉండాల్సినదానికన్నా బాగా తక్కువ. నేను సెషన్ మొదలుపెట్టే ముందు చూసింది ఎక్స్‌రే ఒక్కటే. ఛాతీకి పిలిచారు, ఛాతీ చూశాను. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

ఎందుకంత టెన్షన్ అంటే, ఆక్లాండ్ సంగతి చదివి ఉన్నాను కాబట్టి. న్యూజిలాండ్‌లో ఆ నగరంలోని ఒక పెద్ద ప్రసూతి ఆసుపత్రిలో 1992-94 మధ్య 24 నుంచి 27 వారాలకు పుట్టిన 13 మంది పిల్లల మెదడులో ఒక వింత రకం నష్టం కనిపించింది. మామూలు రక్తస్రావంలా లేదు. మెదడు కణజాలమే కరిగి గుల్లలు పడింది. వెనక్కి వెళ్ళి లెక్క చూస్తే, రెండు, మూడు, నాలుగో వారాల్లో వాళ్ళకు మిగతా పిల్లలకన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ చెస్ట్ ఫిజియో జరిగింది. తట్టేటప్పుడు తల ఊగడమే కారణం కావచ్చని అనుమానించారు. అక్కడ ఫిజియో ఆపేశాక అలాంటి కొత్త కేసులు రాలేదు. 1998లో ఆ వివరాలు ప్రచురితమయ్యాయి, తర్వాతి ఏడాది ప్రభుత్వమే విచారణ జరిపించింది. వేరే ఆసుపత్రులు తమ రికార్డులు తిరగేస్తే ఆ సంబంధం కనిపించలేదు. ఆక్లాండ్‌లోని ఆ పిల్లలకు మొదటి వారంలో బీపీ పడిపోవడం కూడా ఎక్కువే. కాబట్టి ఫిజియోనే దోషి అని తేల్చి చెప్పలేం. అలాగని రక్తస్రావం ఉన్న తల పక్కన బ్రష్ పట్టుకుని నిలబడటానికి ఇది లైసెన్సు కాదు.

పోనీ లాభమైనా గట్టిగా రుజువైందా? వెంటిలేటర్ మీద ఉన్న పసిపిల్లల్లో చెస్ట్ ఫిజియో మీద 2008లో వచ్చిన కాక్రేన్ సమీక్షకు (ట్రయల్స్ అన్నీ కలిపి చూసే సమీక్ష) దొరికినవి మూడే ట్రయల్స్, 106 మంది పిల్లలు. చేయమనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు, ఆధారం చాలదంది. ట్యూబ్ తీసే సమయంలో ఫిజియో మీద 2002లో వచ్చిన సమీక్షలో, గంటకో రెండు గంటలకో చేసిన చోట మళ్ళీ ట్యూబ్ వేయడం తగ్గినట్టు కనిపించింది. కానీ ఆ ట్రయల్స్ పాతకాలం నాటివి, నేటి ఎన్‌ఐసీయూ వేరు.

పదో రోజు

పొద్దున్న ఎక్స్‌రేలో మార్పు లేదు. వైబ్రేషన్ ఆపేశానని, కారణం స్కాన్ అని ఫైల్లో రాశాను. డాక్టర్ గారు ఒప్పుకున్నారు. కానీ సక్షన్ అలాగే సాగింది. మధ్యాహ్నానికి సక్షన్‌లో ఎర్రని చార కనిపించింది.

అప్పుడు సక్షన్ గొట్టం మీద దృష్టి పడింది. బిడ్డ ట్యూబ్ లోపలి వ్యాసం 2.5 మిల్లీమీటర్లు. వాడుతున్న సక్షన్ గొట్టం 6 ఫ్రెంచ్, అంటే 2 మిల్లీమీటర్ల మందం. గొట్టం లోపలికి వెళ్ళగానే దారిలో దాదాపు మూడింట రెండు వంతులు అదే ఆక్రమిస్తుంది. పక్కనుంచి గాలి లోపలికి వెళ్ళడానికి ఇక పెద్దగా సందు మిగలదు. మనం కఫం పీలుస్తున్నాం అనుకుంటాం. కఫం లేని చోట పీల్చేది ఊపిరితిత్తిలోని గాలినే. నెలలు నిండని పిల్లల్లో ఒక గాలి సంచి మూసుకుంటే పక్క సంచి నుంచి గాలి చేరే అడ్డదారులు ఇంకా ఏర్పడి ఉండవు. పైగా ఎక్కువ ఆక్సిజన్ ఇస్తున్నప్పుడు మూసుకున్న చోట ఉన్న గాలి త్వరగా రక్తంలోకి ఇంకిపోతుంది. రోజుకి పన్నెండు సార్లు మేమే ఆ లోబ్‌ని మూస్తున్నామా అనిపించింది.

గొట్టాన్ని ట్యూబ్ చివర దాటించి తగిలేదాకా దించడం కూడా జరుగుతోంది. ఆ ఎర్రచార అక్కడిదే. ఎవరినీ తప్పుపట్టలేను. మా యూనిట్‌లో అందరం నేర్చుకున్న తీరే అది.

ముగ్గురం, డాక్టర్ గారు, సిస్టర్ ఇన్‌ఛార్జి, నేను కూర్చుని మార్చినవి ఇవి: గొట్టం 5 ఫ్రెంచ్‌కి తగ్గించాం. ట్యూబ్ పొడవు కొలిచి, అంతవరకే దించాలని మంచం దగ్గర కాగితం అంటించాం. సెలైన్ మానేశాం. గడియారం చూసి కాదు, అవసరం చూసి సక్షన్. అవసరం అంటే ట్యూబులో కంటికి కనిపించే కఫం, వెంటిలేటర్ తెర మీద గాలి గీత రంపపు పళ్ళలా రావడం, లేదా వేరే కారణం లేకుండా సాచురేషన్ పడటం.

ఆ రోజు సాయంత్రం నుంచి మర్నాడు పొద్దున్నదాకా రెండుసార్లే సక్షన్ అవసరమైంది. రెండుసార్లూ వచ్చింది దాదాపు ఏమీ లేదు. అప్పుడు గట్టిగా నమ్మాను, అడ్డం పడింది కఫం కాదని. అయితే మరి ఏమిటి?

పదకొండో రోజు: సిస్టర్ చెప్పిన మాట

దీనికి జవాబు నాది కాదు. రాత్రి డ్యూటీ సిస్టర్ది. పొద్దున్న హ్యాండోవర్‌లో ఆమె మామూలుగా అన్న మాట ఇది: "మేడమ్, మీరు పెట్టిన పొజిషన్‌లో వీడు నిలబడట్లేదు. పక్కకు తిప్పిన అరగంటకే 85కి వస్తున్నాడు. గడ్డం కొంచెం పైకి ఎత్తితే చాలు, 93, 94."

కుడి పక్క పైకి ఉంచడం తప్పు కాదు. పెద్దవాళ్ళలో కింద ఉన్న ఊపిరితిత్తికి గాలి బాగా వెళ్తుంది. పసిపిల్లల్లో దీనికి తలకిందులు. వాళ్ళ ఛాతీ గోడ మెత్తన, కింద ఉన్న వైపు మూసుకుంటుంది, పైన ఉన్న వైపుకే గాలి ఎక్కువ చేరుతుంది. మూసుకున్న లోబ్ పైకి ఉండాలన్నది రెండు విధాలా సరైనదే. మరి సరైన పొజిషన్‌లో బిడ్డ ఎందుకు దిగజారుతున్నాడు?

వార్మర్ (బిడ్డను వెచ్చగా ఉంచే మంచం) దగ్గరికి వెళ్ళి చూశాను. తల వెనుక నేను పెట్టిన గుడ్డ చుట్ట తలను ముందుకు నెడుతోంది. గడ్డం ఛాతీకి ఆనుతోంది.

ముక్కు ఎటు వంగితే ట్యూబ్ అటు వెళ్తుందని ట్యూబ్ వేసే ప్రతి డాక్టరుకూ తెలుసు. గడ్డం కిందకి వంగితే ట్యూబ్ చివర కిందకి దిగుతుంది, గడ్డం ఎత్తితే పైకి వస్తుంది. ఇంత చిన్న బిడ్డ శ్వాసనాళం మొత్తం పొడవే కొన్ని సెంటీమీటర్లు. అందులో అర సెంటీమీటరు తేడా అంటే ట్యూబ్ కుడి శ్వాసనాళంలోకి జారి, మొదట్లోనే పక్కకు చీలే పై లోబ్ ద్వారాన్ని దాటిపోవడానికి చాలు.

7.5 అనే అంకె అప్పుడు గుర్తొచ్చింది. బరువు కిలోల్లో తీసుకుని దానికి 6 కలపడం మామూలు లెక్క. ఈ బిడ్డకు 7 లోపే. రాత్రి రెండు గంటలకు వేసిన ట్యూబ్ అర సెంటీమీటరు లోతుగా ఉంది. మరి ఎక్స్‌రేలో ఎవరికీ ఎందుకు పట్టుబడలేదు? ఎక్స్‌రే తీసేటప్పుడు సిస్టర్ బిడ్డ చేతులు పైకి పట్టుకుంటుంది, తల వెనక్కి వాలుతుంది, గడ్డం లేస్తుంది. ఆ భంగిమలో ట్యూబ్ చివర మూడో ఛాతీ వెన్నుపూస దగ్గర కనిపించింది. కొంచెం కిందకి ఉంది, ఫర్వాలేదులే అనుకునే చోటు. ఎక్స్‌రే అయిపోగానే మేం గడ్డం వంచి గూట్లో పెట్టేవాళ్ళం. ఫొటోలో ఉన్న బిడ్డ వేరు, మంచం మీద ఉన్న బిడ్డ వేరు.

స్టెతస్కోప్‌తో తెలియదా అని అడగొచ్చు. ఇంత చిన్న ఛాతీలో ఒక వైపు శబ్దం రెండో వైపూ వినిపిస్తుంది. నేనూ విన్నాను, రెండు వైపులా గాలి వెళ్తోందని ఫైల్లో రాశాను కూడా.

మరో ఎక్స్‌రే అడిగాను. రేడియేషన్ అనవసరం కదా అని డాక్టర్ గారు మొదట ఆలోచించారు. ఈసారి చేతులు ఎత్తకుండా, బిడ్డ రోజంతా పడుకునే తీరులోనే తీద్దామని చెప్పాక ఒప్పుకున్నారు. ట్యూబ్ చివర నాలుగో వెన్నుపూస దాటి కుడికి తిరిగి ఉంది.

నా తొమ్మిదో రోజు సెషన్ ఇప్పుడు వేరేగా కనిపించింది. సాచురేషన్ పడటానికి బ్రష్ ఎంత కారణమో, నేను పెట్టిన గుడ్డ చుట్ట అంతకన్నా ఎక్కువ కారణం కావచ్చు. లోబ్ తెరవడానికి నేను ఎంచుకున్న పొజిషనే ట్యూబ్‌ని దాని ద్వారం దాటించి కిందకి నెట్టింది.

పనిచేసినవి

ట్యూబ్ అర సెంటీమీటరు వెనక్కి లాగి 7 దగ్గర అంటించారు. వెంటిలేటర్ అడుగు ఒత్తిడి, పీప్, 5 నుంచి 6కి పెంచారు. మూసుకున్న సంచి తెరుచుకున్నాక తెరిచి ఉండాలంటే ఆ ఒత్తిడి కావాలి. గాలికి తేమ ఇచ్చే హ్యూమిడిఫయర్ ఉష్ణోగ్రత, పైపుల్లో నీరు నిలవడం చూసుకున్నాం, అక్కడ లోపం లేదు.

పొజిషన్ నేనే మళ్ళీ పెట్టాను. కుడి పక్క పైకి, కానీ తల వెనుక చుట్ట తీసేసి, మెడ కింద సన్నగా మడిచిన గుడ్డ, గడ్డానికీ ఛాతీకీ మధ్య రెండు వేళ్ళ సందు. మూడు గంటల తర్వాత బోర్లా. తిప్పేటప్పుడు ఇద్దరం: ఒకరు తల, ట్యూబ్ కలిపి పట్టుకోవడం, ఒకరు ఒళ్ళు. తల, భుజాలు, నడుము ఒకేసారి కదలాలి. డైపర్ మార్చడం, ఉష్ణోగ్రత చూడటం, తిప్పడం అన్నీ ఒకే విడతలో కలిపేశాం, మధ్యలో ఎవరూ ముట్టుకోకుండా. తట్టడం లేదు, బ్రష్ లేదు.

పన్నెండో రోజు ఎక్స్‌రేలో లోబ్ సగం నల్లబడింది, అంటే అంతమేర గాలి చేరింది. పదమూడో రోజుకి పూర్తిగా తెరుచుకుంది. ఆక్సిజన్ 28 శాతానికి దిగింది. పద్నాలుగో రోజు తల స్కాన్‌లో రక్తస్రావం పెరగలేదని తెలిసినప్పుడు నాకు కలిగిన ఊరట, లోబ్ తెరుచుకున్నప్పటి సంతోషం కన్నా ఎక్కువ.

ట్యూబ్ సరిచేయడం ఒక్కటే చాలేదా, మిగతావన్నీ అదనమేనా? ఒకేసారి మూడు మార్పులు చేశాం కాబట్టి దేనికెంత వాటా అని విడదీయలేను. కానీ కొన్ని గంటల్లో ఆక్సిజన్ తగ్గడం మొదలైన తీరు చూస్తే, ట్యూబ్‌దే పెద్ద వాటా అని నా అంచనా.

పదిహేడో రోజు: మళ్ళీ అదే లోబ్

కథ అక్కడితో అయిపోలేదు. పదిహేనో రోజు ట్యూబ్ తీసి ముక్కు ద్వారా వెంటిలేషన్ మీద పెట్టారు. పదిహేడో రోజు అదే పై లోబ్‌లో మసక. రిఫరల్ కాగితం మళ్ళీ వచ్చింది, మళ్ళీ అదే ఒక్క లైను. ఇప్పుడు ట్యూబ్ లేదు కాబట్టి నింద దానిమీద వేయలేం.

ఈసారి ముందు తల స్కాన్, ప్లేట్‌లెట్లు చూశాను. తర్వాత ఇరవై నిమిషాలు మంచం పక్కన స్టూలు వేసుకుని ఊరికే కూర్చున్నాను. బిడ్డ నోరు తెరిచే ఉంది. ముక్కులోని గొట్టాలు రంధ్రాలకు వదులుగా ఉన్నాయి, బుసబుస మని గాలి బయటకు పోతోంది. మెషిన్ తెర మీద చూపించే ఒత్తిడి బిడ్డ దాకా చేరడం లేదు. ఒక సైజు పెద్ద గొట్టాలు పెట్టించాం, ముక్కు శుభ్రం చేశాం, బోర్లా పడుకోబెట్టినప్పుడు నోరు దానంతటదే మూసుకునేలా చెంప కింద గుడ్డ సర్దాం, ఒత్తిడి ఒక మెట్టు పెంచాం. రెండు రోజుల్లో మసక పోయింది. నా చేతులు బిడ్డ ఛాతీని తాకలేదు.

నాయనమ్మకు ఇది నచ్చలేదు. "చూస్తా కూర్చుంటే తెమడ ఎట్టా పోద్దమ్మా?" అని నేరుగానే అడిగింది. ఆమెకు ఎక్స్‌రేలు రెండూ పక్కపక్కన చూపించాను. తెల్లది ఏదో, నల్లది ఏదో చెప్పాను. ఆ తర్వాత ఆమె నన్ను ఏమీ అనలేదు కానీ, తల్లి కంగారూ మదర్ కేర్‌లో బిడ్డను గుండెకు ఆనించుకుని కూర్చున్నప్పుడల్లా "గడ్డం ఎత్తవే, గడ్డం" అని గుర్తుచేసేది.

ఇప్పుడు మారినవి

మా యూనిట్‌లో రిఫరల్ కాగితం మారింది. కొలాప్స్ అని రాస్తే చాలదు: ట్యూబ్ పెదవి దగ్గర ఎంత, ఎక్స్‌రేలో చివర ఎక్కడ, ఎక్స్‌రే తీసినప్పుడు తల ఎలా ఉంది, ఆఖరి తల స్కాన్ ఎప్పుడు, ఏముంది, గత ఆరు గంటల్లో సక్షన్‌లో ఏం వచ్చింది. ఈ గడులు నిండకపోతే నేను చెయ్యి పెట్టను. కొత్తలో జూనియర్ డాక్టర్లకు విసుగొచ్చింది. గడులు నింపుతూనే ట్యూబ్ లోతు తామే పట్టుకుని, రిఫరల్ పంపకుండానే సరిచేసిన సందర్భాలు తర్వాత వచ్చాయి. నాకు పని తగ్గింది, ఫిర్యాదేమీ లేదు.

చేత్తో చేసే ఫిజియో పూర్తిగా మానేశానని కాదు. నెలలు నిండాక పుట్టి, న్యుమోనియాతో చిక్కటి కఫం ఉన్న బిడ్డకు, తల నిలకడగా పట్టుకుని, మరొకరు మానిటర్ చూస్తుండగా మెల్లగా వైబ్రేషన్ ఇస్తాను. సక్షన్‌లో చిక్కటిది వస్తోంది, లోబ్ మూసుకుంది, తల స్కాన్ బాగుంది: ఈ మూడూ కలిసినప్పుడే. వెయ్యి గ్రాముల లోపు బిడ్డకు మొదటి వారాల్లో ఇవ్వను. ఎముకలు పలచబడి ఉండే అవకాశం ఉన్న పిల్లల విషయంలో ఎక్స్‌రేలో పక్కటెముకలు కూడా చూస్తాను. కొన్ని నెలల వయసు పిల్లల్లోనూ ఫిజియో తర్వాత పక్కటెముకలు విరిగిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

బిడ్డ (కడుపులో గడిపినవి కూడా కలిపి) 33 వారాల వయసు లెక్కకు వచ్చేసరికి ఆక్సిజన్ అక్కర్లేకుండా ఉన్నాడు. 36 వారాల లెక్కకు 1,780 గ్రాములతో ఇంటికి వెళ్ళాడు. కంటి రెటీనా పరీక్షలో చికిత్స అవసరమైనదేమీ కనిపించలేదు. తలలోని రక్తం క్రమంగా ఇంకిపోయింది. సరిచేసిన వయసు (కాన్పు జరగాల్సిన తేదీ నుంచి లెక్క) మూడు నెలలప్పుడు ఫాలోఅప్‌కి తెచ్చారు, మెడ నిలుపుతున్నాడు. కుడి కాలు కొంచెం బిగుతుగా అనిపించింది నాకు. ఒంటి కుడి వైపును నడిపేది ఎడమ మెదడే, రక్తస్రావం ఆ వైపే కాబట్టి దాన్ని తేలిగ్గా తీసుకోలేదు. నెలకోసారి రమ్మన్నాం, ఇంట్లో ఎలా ఎత్తుకోవాలో, ఎలా ఆడించాలో తల్లికి నేర్పుతున్నాను. ఆరు నెలల పరీక్షకు ఇంకా మూడు వారాలుంది.